పేరే గద, అరుగుతదా?

చచ్చిపోయిన మనిషి మొన్న లింగంపల్లి చౌరస్తాలో హెల్మెట్ లేకుండా బండి నడిపిందట. ఆమె ఫోన్‌కు పోలీసుల మెసేజ్ వచ్చింది, ఫొటోతో సహా. మా బావగారు ఆ ఫోన్ పట్టుకుని తాండూరు నుంచి వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. చెప్పులు విడిచీ విడవకముందే "సూడమ్మా, మీ అక్క ఇంక తిరుగుతనే ఉన్నది" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టి, కుర్చీలో కూలబడి ఏడ్చారు. ఫొటోలో ఉన్నది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ వారానికోసారి ఇంటికొచ్చే వాళ్ళబ్బాయి వీపు. బండి మాత్రం అక్క పేరు మీదిది.

నాకు ఏడుపు రాలేదు. కడుపులో భగ్గుమంది. పోయి ఇన్నాళ్ళయినా ఇంకా ఆమె పేరే మోగుతోంది కదా అని. రేపు నేను పోతే నా పేరు మీద ఒక్క మెసేజ్ అయినా వస్తుందా? గ్యాస్ సిలిండర్ వాళ్ళది వస్తుందనుకుందామంటే ఆ కనెక్షనూ మా ఆయన పేరు మీదే ఉంది. టీ పెడతానని లోపలికి వెళ్ళి, చక్కెర డబ్బా మూత కాస్త గట్టిగానే మూశాను.

ఆమె మా ఆయన అన్నగారి భార్య. నాకు తోటికోడలు, మా దిక్కు మాటలో యారాలు. నేను "అక్కా" అనేదాన్ని, ఆమె "చెల్లె" అనేది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఇప్పటికే ఆ పేరు మీద చాలా ఉన్నాయి. ట్రాక్టరు ఉంది, రాళ్ళు మోసే టిప్పరు ఉంది, కారుంది, మోటారు సైకిళ్ళున్నాయి, తాండూరులో రాళ్ళు నునుపు చేసే పాలిషింగ్ యూనిట్ ఉంది, దాని కరెంటు మీటరుతో సహా. నేను కూర్చుని రాసుకునే ఈ నాలుగు కాగితాలు కూడా ఆమె పేరు మీదే ఎందుకుండాలి?

మా అత్తగారింట్లో ఏది కొన్నా ముందు పేరు బలం చూపించాలి. పంతులుగారు ఇంట్లో అందరి పేర్లూ అడిగి, వేళ్ళ కణుపుల మీద ఏవో లెక్కలు కట్టి, ఎవరి పేరు మీద కొంటే కలిసొస్తుందో చెబుతారు. అక్క కోడలిగా వచ్చిన కొత్తలో బావగారు ఒక పాత ట్రాక్టరు బేరం చేస్తే, పంతులుగారి లెక్కలో ఆమె పేరు వచ్చింది. ఆ ట్రాక్టరు నాపరాళ్ళు మోసీ మోసీ ఇంటిని నిలబెట్టింది. క్వారీలో కూలికి పోయిన ఇల్లు సొంత యూనిట్ పెట్టుకుంది. ఆ తర్వాత పంతులుగారిని అడగడమే మానేశారు. "వదిన పేరు మీద తీసుకుందాం", "కోడలు పేరు మీద పెట్టుండ్రి", "అమ్మ పేరు మీదనే" అనుకునేవాళ్ళు. వరసలు మారేవి కానీ పేరు మారేది కాదు.

నా పేరుకూ ఒక అవకాశం ఇచ్చారు. లేదంటే అబద్ధం. నేను కాపురానికొచ్చిన ఏడాది పొలంలో బోరు వేస్తూ, కొత్త కోడలు కదా అని నా పేరు మీద సంకల్పం చెప్పించారు, కొబ్బరికాయ నాతోనే కొట్టించారు. బోరు బండి పొద్దంతా అరిచి అరిచి తెల్లటి దుమ్ము కక్కింది. ఒక్క చుక్క తడి లేదు. గట్టు మీద నిలబడ్డవాళ్ళంతా పిండిమరలోంచి వచ్చినట్టు తయారయ్యారు. నన్నెవరూ ఏమీ అనలేదు. మా అత్తమ్మ మాత్రం నా తల మీది దుమ్ము దులుపుతూ, "నీ తప్పేమున్నది తియ్యి బిడ్డా. పేరుకు నీళ్ళు లెవ్వు, గంతే" అంది. ఆ మాటతో ఆ ఇంట్లో నా పేరుకు నూకలు చెల్లిపోయాయి.

అక్క పొట్టిగా, బొద్దుగా ఉండేది. మాట్లాడుతుంటే రెప్పలు టపటపా కొట్టేది. ఒక మాటకు ఎన్ని రెప్పలో. కొత్తవాళ్ళు కంట్లో నలుసు పడిందేమోనని ఊదడానికి దగ్గరికొచ్చేవాళ్ళు. "నలుసు గాదమ్మా, రాళ్ళు గోసే దుమ్ములుండి గిట్ల అలవాటైంది" అని నవ్వేది. మా పెళ్ళి ఆల్బంలో ఒక్క ఫొటోలో కూడా ఆమె కళ్ళు తెరిచి లేవు. నా కళ్ళు అన్ని ఫొటోల్లోనూ బ్రహ్మాండంగా తెరుచుకునే ఉన్నాయి. అయినా ఆ ఆల్బం ఎవరు తిరగేసినా ముందు "గీ కండ్లు మూసుకున్నామె మీ అక్కనా?" అని అడిగేవాళ్ళే.

కొత్త బండి కాగితాలు సంతకాలకు ఇంటికొచ్చేసరికి ఆమె ఎప్పుడూ పొయ్యి ముందే ఉండేది. జొన్నరొట్టె పిండి అంటిన చేతులు చీర కొంగుకు తుడుచుకుని, గచ్చు మీద కాగితం పెట్టి, నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు సంతకం చేసేది. ఏ బండో, ఎంతదో అడిగేది కాదు. "పేరే గద, అరుగుతదా?" అనేసి మళ్ళీ రొట్టె దగ్గరికి పోయేది. పెనం మీద రొట్టె మాడేది కాదు కూడా. నేను దాని కోసం కూడా చూసేదాన్ని, ఒక్కసారైనా మాడుతుందేమోనని.

ఇన్ని బండ్లున్న మనిషి ఆర్టీసీ బస్సెక్కి తిరిగేది. ఏదీ నడపడం రాదు, ఎక్కించుకుని తిప్పే తీరిక ఎవరికీ లేదు. కొత్త బండి వస్తే బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి పక్కకు జరిగేది. బండి నిమ్మకాయలు తొక్కుకుంటూ పోయేది. ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయేది.

ఒక వేసవిలో మేమిద్దరం తాండూరు బస్టాండు ముందు ఎండలో నిలబడి ఉన్నాం. దౌల్తాబాద్‌లో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలి. అంతలో వాళ్ళ కారు మా ముందు నుంచే పోయింది. లోపల బావగారి స్నేహితులు, అద్దాలు పైకెత్తుకుని, చల్లగా. అక్క చెయ్యెత్తింది. కారు ఆగలేదు. మా ఇద్దరి మొహాల మీదా ఇంత దుమ్ము పోసి పోయింది. నాకు ఒళ్ళు మండి, "ఏందక్కా, కండ్లు గనవడ్తలెవ్వా వాళ్ళకు?" అన్నాను. ఆమె దుమ్ములో రెప్పలు కొట్టుకుంటూ, పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని ముసలామెతో, "గా పొయిన కారు నాదే అవ్వా" అంది, ఎంతో సంబరంగా. ముసలామె నమ్మలేదు. నేను నమ్మాను, నమ్మి కుళ్ళుకున్నాను. నడి ఎండలో నిలబడి, దుమ్ము తిని కూడా "నాదే" అనగలిగే అదృష్టం ఆమెది. నేనూ అదే ఎండలో నిలబడ్డాను, అదే దుమ్ము తిన్నాను. నాదని చెప్పుకోవడానికి చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు.

చలాన్ల సంగతి ఇంకో తమాషా. ఇంటి బండ్ల మీద ఎవరు ఏ తప్పు చేసినా పోలీసుల మెసేజ్ ఆమె ఫోన్‌కే వచ్చేది. కొడుకు సిగ్నల్ దాటినా ఆమె దాటినట్టే, టిప్పరు డ్రైవరు దౌడు తీసినా ఆమె తీసినట్టే. నాకు ఫోన్ చేసి మరీ చెప్పుకుని నవ్వేది. "చెల్లె, నిన్న నేను పటాన్‌చెరుల ముగ్గుర్ని ఎక్కిచ్చుకోని పొయిన్నంట. ఇంట్ల గూసోని కందిపప్పు ఏరుకుంట పొయిన్న. సూస్తివా నా హుషారు!" నేనూ నవ్వేదాన్ని. ఫోన్ పెట్టాక, ఈమెకు అసలు తనకున్నదాని విలువ తెలుసా అని పళ్ళు నూరుకునేదాన్ని. లేనిదానికి ఏడ్వడం ఒక ఎత్తు. ఉన్నవాళ్ళు దాన్ని పట్టించుకోకుండా తిరుగుతుంటే చూసి ఏడ్వడం ఇంకో ఎత్తు. నాది రెండో రకం.

ఇంతలో నాకు బండి అవసరం వచ్చింది. అనంతగిరి గుట్ట దాటి కోట్‌పల్లి పోయే దారిలో ఒక ఊళ్ళో ప్రైవేటు బడిలో నేను తెలుగు చెబుతాను. బస్సు ఉన్న రోజు ఆగదు, ఆగిన రోజు ఆలస్యం. తోటి టీచరమ్మ స్కూటీ మీద నడపడం నేర్చుకున్నాను. బ్యాటరీ బండి కొంటే కేంద్రం వాళ్ళ సబ్సిడీ వస్తుంది, ఇక్కడ రోడ్డు టాక్స్ కూడా ఉండదని బళ్ళో అందరూ చెప్పారు. నా జీతంలోంచి వాయిదాలు కట్టేటట్టు మా ఆయనను ఒప్పించాను. ఆకుపచ్చ రంగు కూడా చూసుకున్నాను. అన్నీ అయ్యాక మా ఆయన మెల్లగా, "వదిన పేరు మీద తీసుకుందాం" అన్నాడు.

"జీతం నాది, బడి నాది, నడిపేది నేను. పేరు ఆమెదా?" అన్నాను.

"నా పేరు మీద తీసుకుందామంటె నాకు ఏలినాటి శని నడుస్తున్నది. నీ పేరు మీదంటె, ఇగ..." అని ఆగాడు.

"ఇగ ఏంది? చెప్పు."

"బోరు యాదికి లేదా?"

మా ఆయన ప్రభుత్వాఫీసులో గుమాస్తా. రోజూ వందమంది సంతకాలు చూసి పంపే మనిషి. ఆయన కూడా ఆ బోరును తవ్వుతూనే ఉన్నాడు. ఆ రాత్రి అన్నం పెట్టాను కానీ మాట పెట్టలేదు. బండి మీద నాకంత మోజు లేదు నిజానికి. బండి కాగితం మీద నా పేరు చూసుకోవాలి, అంతే. ఈ లోకంలో ఒక్క వస్తువు, అది రెండు చక్రాలదైనా సరే, "ఇది ఫలానా ఆమెది" అని రాసి ఉండాలి. ఆ కోరిక పెద్దదో చిన్నదో నాకు తెలియదు, నా వరకు అది చాలా పెద్దది.

చివరికి నేనే ఓడిపోయాను. షోరూం అతను మాత్రం ఒక మెలిక పెట్టాడు. "సబ్సిడీ బండి సార్. ఆధార్ జిరాక్సు, సంతకం తెస్తె నడ్వది. ఎవరి పేరు మీద బండో వాళ్ళే రావాలె, ఫోన్ల మొఖం సూపాలె. ఒక మనిషికి ఒకటే బండి." మా ఆయన వదినగారికి ఫోన్ చేసి అంతా చెప్పాడు. అప్పటిదాకా ఆమె పేరు ఒక్కటే తిరిగింది. మనిషిని రమ్మనడం అదే మొదలు.

చెప్పిన రోజు పొద్దున్నే తాండూరు బస్సు దిగి వచ్చింది, పట్టుచీర కట్టుకుని, సంచిలో నిమ్మకాయలు, పసుపు కుంకుమ పెట్టుకుని. షోరూంలో ఆకుపచ్చ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ముద్దుగున్నది చెల్లె" అంది.

షోరూం అతను ఫోన్ ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"అమ్మా, గీ గుండ్రంల మీ మొఖం రావాలె. ఆ, గట్లనే. ఇగ జర రెప్పగొట్టుండ్రి."

"కొడుతున్న గద బిడ్డా."

ఫోన్ కుయ్యిమంది. పట్టలేదు. మళ్ళీ పెట్టాడు, పట్టలేదు. ఆమె బొట్టు సర్దుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని ఫోన్‌లోకి అమ్మవారిలా చూస్తోంది. అతను ఫోన్ అద్దం తుడిచాడు, లైట్లన్నీ వేశాడు, బయట ఎండలోకి తీసుకెళ్ళి నిలబెట్టాడు. ఎండకు ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారాయి. అయినా పట్టలేదు.

"సర్వర్ బిజీ ఉన్నదేమో," అన్నాడు మా ఆయన, గడియారం చూసుకుంటూ. రాహుకాలం దగ్గర పడుతోంది. ఆ రోజు దాటితే మళ్ళీ మంచిరోజు ఎప్పుడో. ఆకుపచ్చ రంగు బండి అదొక్కటే మిగిలింది, దాన్ని అడగడానికి వచ్చిన వాళ్ళు అప్పటికే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మరిదీ, చెల్లె మొఖం పెట్టి సూడరాదు?" అంది.

"అది గాదు వదినా, ఆమె పేరుకు..." మా ఆయన నసిగాడు.

"నీళ్ళు వడలె. నాకెర్కనే. బోరుకు నీళ్ళు గావాలె గాని గీ బండికి నీళ్ళెందుకు మరిదీ? కరెంటు బండి. నీళ్ళు తాకితెనే ఖరాబైతదంటరు. నీళ్ళు లేని పేరే దీనికి మంచిది!"

మా ఆయన షోరూం అతని వైపు చూశాడు. అతను ఎంతో గంభీరంగా, "నిజమే సార్. పైపు పెట్టి అస్సలు కడగొద్దు," అన్నాడు.

అంత గొప్ప తర్కానికి ఎదురు చెప్పే ధైర్యం మా ఇంటి మగవాళ్ళలో ఎవరికుంది? నా మొహం పెట్టారు. రెప్ప వేశాను. ఒక్క దెబ్బకే టిక్కు పడింది. నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, నా పేరుతో. సబ్సిడీ కాగితం మీద నా సంతకం. బండి పక్కన నన్ను నిలబెట్టి ఫొటో. ఆ ఫొటోలో నా వెనక అక్క కళ్ళు తుడుచుకుంటూ కనిపిస్తుంది. నేను దాచడం ఎందుకు, ఆ పూట నాకు ఎక్కడలేని ఆనందం ఆ కన్నీళ్ళు చూసే వచ్చింది. ఇన్నేళ్ళకు ఒక్కచోట ఆమె మొహం పనికిరాలేదు, నా మొహం పనికొచ్చింది.

బస్టాండు దాకా దింపుతానని ఎక్కించుకున్నాను. ప్రేమతో అనుకునేరు, చూపించుకోవడానికి. ఆమె పక్కకు కూర్చుని నా భుజం గట్టిగా పట్టుకుంది. "చెల్లె, సప్పుడే లేదు గదనే! నడుస్తనే ఉన్నదా ఇది?" అని దారి పొడుగునా అడిగింది. దిగాక బండి హెడ్‌లైటును బుగ్గ నిమిరినట్టు నిమిరి, "నీ బండి మస్తున్నది" అంది. నీ బండి అని మొదట అన్నది ఆమే. అది గుర్తుకొస్తే ఇప్పటికీ నాకు చిరాకే, ఆ మాట ఇంకెవరైనా అని ఉండాల్సింది.

తర్వాత రెండు మూడు పెళ్ళిళ్ళలో, ఒక బారసాలలో ఆ కథ నేనే చెప్పాను. "అక్క మొఖం ఎన్నిసార్లు పెట్టినా పట్టనే లేదు, నాది పెట్టంగనే పట్టింది" అని. ఆమె అక్కడే ఉండి నాకంటే గట్టిగా నవ్వేది. "అవ్ మల్ల! నా మొఖం మిషనుకు గూడ నచ్చలె" అనేది, రెప్పలు టపటపా కొట్టుకుంటూ.

పోయిన ఏడాది ఆమె పోయింది. పొద్దున రొట్టెలు చేస్తూ ఛాతీ పట్టుకుని కూర్చుందట, ఆస్పత్రికి చేరేలోగా అంతా అయిపోయింది. ఆమె పేరున్న కారులోనే తీసుకెళ్ళారు. ఆ కారులో వెనక సీట్లో పూర్తిగా కాళ్ళు చాపుకుని పోవడం అదే మొదలు అనుకుంటాను.

దినాల రోజు తాండూరు ఇంటి వెనక గుమ్మంలో ఖాజాబీ కూర్చుని ఉంది. పక్కింటామె, రవికలు కుడుతుంది, అక్కకు ప్రాణస్నేహితురాలు. ఏదో మాట్లాడాలి కదా అని ఆమెకూ అదే కథ మొదలుపెట్టాను, మొఖం పట్టని కథ. ఖాజాబీ నన్ను వింతగా చూసింది.

"నీకు చెప్పలేనా ఆమె? యా అల్లా," అంది.

"ఏం చెప్పలె?"

"షోరూంకు వచ్చే ముందు దినం నా తాన గూసున్నది. 'ఖాజాబీ, గీ మొఖం మిషన్ పట్టకుంట ఉండాలంటె ఏం జెయ్యాలె?' అనడిగింది. నాకు పింఛన్ కాడ గిట్లనే మొఖం సూపి అలవాటుంది గద, రెప్ప గొట్టకపోతె అది పట్టదని చెప్పిన. ఇగ సూడు, నేను రవికె కుడుతుంటె మిషన్ సూది దిక్కు సూస్కుంట గూసున్నది, రెప్ప గొట్టకుంట. ఆమెకు గది ఎంత ముష్కిల్! కండ్లు ఎర్రగైనై, నీళ్ళు కారుతున్నై. 'నక్కో అక్కా, వద్దు, కండ్లు ఖరాబైతై' అన్న. ఇంటే గద! గా నీళ్ళ మాట గూడ ఈడనే గూసోని జోడిచ్చింది, మరిది నోరు మూపియ్యాలని."

"ఎందుకంట?"

"నేనూ అడిగిన. 'నా పేరు మీద ఇన్ని బండ్లున్నై, ఒక్కదాని మీద గూసోలె. గా పిల్ల గూసుంటది గద దాని మీద. ఆమె పేరే ఉండాలె' అన్నది. గంతే."

నిలబడ్డచోటే నాకు ఆ రోజంతా మళ్ళీ కనిపించింది. మాట మాటకూ రెప్పలు కొట్టే మనిషి, పెళ్ళి ఆల్బం నిండా కళ్ళు మూసుకున్న మనిషి, ఎండలో అంతసేపు కళ్ళు తెరిచి నిలబడితే నేను పక్కనుండి చూసి మురిసిపోయాను. ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది, నేను బాధపడుతున్నానని. బాధ కాదు. పచ్చి అసూయ. ఆమెను నేను గెలిచింది ఒకే ఒక్కసారి, ఆ గెలుపు కూడా ఆమె పెట్టిన భిక్ష అని తేలింది. పోనీ చెప్పి ఉంటే కనీసం పోట్లాడేదాన్ని. చెప్పకుండా పోయింది. నేను చెప్పుకు తిరుగుతుంటే విని నవ్వింది కూడా.

మొన్న బావగారు ఏడ్చి, టీ తాగి, కళ్ళు తుడుచుకున్నాక అసలు పని చెప్పారు. అక్క పేరున్న బండ్లన్నీ మార్పించడానికి వికారాబాద్ రవాణా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. వారసుల కాగితం అంటారు, ఇంకోటి అంటారు. ఇంటిల్లిపాదీ పరేషాన్. నా ఆకుపచ్చ బండి ఒక్కటే ఏ గొడవా లేకుండా అరుగు పక్కన చార్జింగ్ పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు.

"అమ్మా, నీ పేరు కలిసొచ్చింది. ఈ బండి కొన్నంకనే తమ్ముని ట్రాన్స్‌ఫర్ ఆగింది. ఇగ మన ఇంట్ల నీ పేరే," అన్నారు. వాళ్ళ కోడలు పిల్ల తాండూరు కందిపప్పు ప్యాకెట్లు కట్టి దుకాణాలకు వేస్తోంది. దానికి సామాన్లు మోసే బ్యాటరీ ఆటో తీసుకుంటున్నారు. యూనిట్ ఆవరణలో ఆ పిల్ల నడపడం కూడా నేర్చుకుందట. "ఆటో వేరే రకం బండి, నీకు మల్ల సబ్సిడీ వస్తదంట. నీ పేరు మీద పెడదం."

"కోడలు పేరు మీద పెట్టరాదా బావా?" అన్నాను. అన్నాను కానీ, ఆ మాట నా నోట్లోంచి గట్టిగా రాలేదు. ఇన్నేళ్ళు నేను ఏ మాట కోసం మొహం వాచి ఉన్నానో ఆ మాట కుర్చీలో కూర్చుని ఉంది. దాన్ని పొమ్మనడానికి నోరెలా వస్తుంది? ఆయన "ఆమె పేరు సంగతి ఎవలికెర్క?" అన్నారు. నేను ఊరుకున్నాను.

అయినా తాండూరు పోయే రోజు పొద్దున అద్దం ముందు నిలబడి ప్రయత్నం చేశాను. రెప్ప వేయకుండా. అక్క చేయగలిగింది నేను చేయలేనా?

షోరూంలో కోడలు పిల్ల ముందే వచ్చి ఆటో పక్కన నిలబడి ఉంది. హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఎవరైనా చూస్తే తీసేస్తూ. "వస్తిరా చిన్నత్తమ్మా" అంది. నన్ను కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా పట్టుకున్నారు.

"జర రెప్పగొట్టుండ్రి మేడం."

కొట్టలేదు. ఫోన్ కుయ్యిమంది. మళ్ళీ పెట్టారు. కళ్ళు మండుతున్నాయి. గుండ్రంలో నా మొహం, వెనక బావగారు, మా ఆయన. ఇద్దరూ నా పేరు కోసం ఊపిరి బిగబట్టి ఉన్నారు. నా పేరు కోసం. కళ్ళల్లో నీళ్ళు నిండాయి, కారాయి. ఎండలో ఆమె ఎంతసేపు నిలబడింది! ఇంకొంచెం, ఇంకొక్క కొంచెం అనుకుంటుండగానే రెప్ప పడింది. దానంతట అదే పడిందంటే మీరు నమ్ముతారేమో. నేను నమ్మను.

టిక్కు పడింది.

"అక్క యాదికొచ్చిందా అమ్మా?" అని బావగారు కండువాతో తనూ కళ్ళు తుడుచుకున్నారు. మా ఆయన నా భుజం తట్టాడు. అందరూ అదే అనుకున్నారు, నేను కాదనలేదు. ఆమె మీద నాకున్న ఏడుపు అంతా ఇంతా కాదు, అందులో ఇది ఏ ఏడుపో ఎవరికి విడమరిచి చెప్పను?

కోడలు పిల్ల వంగి ఆటో టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. లేస్తూ నన్ను ఒక్కసారి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ అక్కను నేను చూసింది ఆ చూపుతోనే. ఆ పిల్లతో "పేరే గద, అరుగుతదా?" అందామని నోరు తెరిచాను.

తెరిచిన నోరు మూసుకుని, షోరూం అతను చాపిన కాగితం మీద సంతకం పెట్టాను.